హలూష్కీ తెలిసిన ఇంజనీరు కావలెను

పార్మా, ఒహాయో
14 జనవరి 2019

తమ్ముడు రీజిస్‌కి,

ముందుగా ఒక మాట. ఇకమీదట నాకు ఫోన్ చెయ్యకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. క్రిస్మస్ రోజున నువ్వు "పెయింట్లు కలుపుతున్నానక్కా" అన్నావు. నాకు "పెళ్ళాన్ని కలుస్తున్నానక్కా" అని వినబడింది. విడిపోయిన పదకొండేళ్ళకి మావాడికి బుద్ధొచ్చిందని చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. తర్వాత నీ కార్డు వచ్చింది, నువ్వు చేరింది హార్డ్‌వేర్ కొట్లో పెయింట్ల కౌంటర్లో అని. ఇప్పుడు జనం వచ్చి నన్ను ఓదారుస్తున్నారు. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసినదాన్ని, ఉత్తరాన్ని మించింది లేదని నాకెప్పుడో తెలుసు. రాయి.

అసలు సంగతి. నిన్న ఆదివారం పేపర్లో ఒక ప్రకటన పడింది. పాత సోఫా అమ్మకానికీ తప్పిపోయిన కుక్కకీ మధ్యన, చీమ తలకాయంత అక్షరాలతో. కత్తిరించి ఇందులో పెట్టాను. పోతే పోయిందని ఇక్కడ కూడా రాస్తున్నాను:

"లేక్‌మాంట్ లిఫ్ట్ కంట్రోల్స్, పార్మా. సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కావలెను. లిఫ్టు బ్రేకుల ప్రోగ్రాములలో అనుభవం ఉండవలెను. హలూష్కీ పద్ధతిన పరీక్షలు చేయుటలో మూడేళ్ళ అనుభవం తప్పనిసరి. దరఖాస్తులు పోస్టు ద్వారా మాత్రమే. ఫోన్లు చేయరాదు."

హలూష్కీ అంటే అమ్మ వండేదే కదరా? క్యాబేజీ, నూడుల్సు, ఉల్లిపాయలు? మా చర్చివాళ్ళ వంటల అమ్మకం ప్రకటన ఇందులో కలిసిపోయిందేమో అనుకున్నాను. కానీ లిఫ్టులన్నారంటే నీ పనే. పైగా ఎంత మర్యాద తెలిసిన కంపెనీ చూడు, పోస్టులోనే పంపమంటున్నారు, ఫోన్లొద్దంటున్నారు. ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారంటే నాకు సంతోషంగా ఉంది.

ఇంకొకటి. నీ పక్కన కూర్చుని పని నేర్చుకుని నీ కుర్చీ లాక్కున్నారే, ఆ వీసాలవాళ్ళెవరూ ఈ పేపరు చదవరు. ఇది మనవాళ్ళ కోసం వేసింది. ఇక్కడి ఇంజనీర్ల నోటి దగ్గర కూడు తీసేస్తున్నారని టీవీలో రోజూ నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు. నువ్వేమో వాళ్ళనే వెనకేసుకొస్తావు. ఈసారైనా బుద్ధిగా దరఖాస్తు పెట్టు. నా పై వాటా ఖాళీగా ఉంది.

నీ అక్క,
డొలోరెస్


ఫీనిక్స్, ఆరిజోనా
21 జనవరి 2019

అక్కా,

నీ కత్తిరింపు చదివి పెయింట్ల కౌంటర్ వెనకే కుప్పకూలి నవ్వాను. ఒకావిడ తన కుక్క రంగులో గోడకి పెయింటు కావాలని కుక్కనే తీసుకొచ్చి నిలబడింది. ఆవిడా, కుక్కా ఇద్దరూ భయపడ్డారు.

చెప్తాను విను. అమ్మ హలూష్కీ చేసేటప్పుడు ఇంట్లో ఉన్నవన్నీ ఒకే బాణలిలో పడేసి గరిటెతో తెగ తిప్పేది కదా. మా పాత కంపెనీలో నేనో పరీక్ష కనిపెట్టాను. లిఫ్టుకి అందే సంకేతాలన్నీ, తలుపు తెరుచుకో, కిందికి దిగు, ఆగు, మంటలంటుకున్నాయి, అన్నీ ఒక్కసారిగా కలగాపులగం చేసి లోపలికి తోసేస్తాను. అంత గందరగోళంలోనూ బ్రేకు పట్టిందా, లిఫ్టు బతికినట్టు. దానికి హలూష్కీ అని పేరు పెట్టాను. మేనేజరుకి అదేదో గ్రీకు శాస్త్రవేత్త పేరనిపించి ఫైళ్ళలోకి ఎక్కించాడు. పంతొమ్మిదేళ్ళు అదే పేరు నడిచింది. కానీ ఆ మాట ఆ కంపెనీ గోడలు దాటి బయటికి పోలేదు.

అయితే మీ పార్మా పేపర్లోకి ఎలా వచ్చింది? ఒక్కటే దారి. జునాలి. జునాలి బరువా అని, అస్సాం పిల్ల, మూడేళ్ళు నా పక్క కుర్చీలో కూర్చుంది. నన్ను పంపించేశాక తనూ ఎక్కువకాలం ఉండలేదు, ఒహాయోలో ఏదో కంపెనీలో చేరిందని విన్నాను. ఆ కంపెనీ ఇదే అయి ఉంటుంది! అక్కా, ఈ ప్రకటన నాకోసం వేయించింది ఆ పిల్ల. సైగ చేస్తోంది. హలూష్కీ తెలిసిన ఇంజనీరు ఈ భూమ్మీద ఇంకెవడున్నాడు చెప్పు?

నువ్వు తనని తిడుతూనే ఉన్నావు. నా కుర్చీ లాక్కున్నది తను కాదు. నన్ను పంపించింది కంపెనీ, తక్కువకి దొరికే మనుషుల్ని పిలిచిందీ కంపెనీయే. ఆ పిల్లకి పని నేర్పినందుకు నాకు ఏనాడూ బాధ లేదు. నా ముప్ఫై ఒక్క ఏళ్ళ నౌకరీలో నేను చెప్పింది శ్రద్ధగా విన్నది తనొక్కతే.

పద్నాలుగు నెలల్లో నూటనలభై చోట్ల దరఖాస్తు పెట్టాను. అన్నిటికీ కంప్యూటర్లే జవాబిచ్చాయి. ఈ ఉద్యోగం వస్తే నీ పై వాటాలో దిగిపోతాను. నాకు ఉద్యోగం కావాలక్కా. రంగులు కలపడం కాదు, నా పని నాకు కావాలి.

నీ రీజిస్


పార్మా
29 జనవరి 2019

రీజిస్,

సైగలూ గియగలూ నాకు తెలియవు. కుర్చీ తీసుకున్న పిల్ల కుర్చీ తిరిగి ఇస్తానంటే మంచిదే, నేను వద్దనను. కానీ నమ్మను.

దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో పంపు, అందినట్టు సంతకం తిరిగొచ్చే చీటీ పెట్టు. కవరు గోధుమ రంగుది కొను. తెల్ల కవరైతే బిల్లనుకుని పక్కన పడేస్తారు, ముప్ఫై ఏళ్ళు చూశాను. కవరు మీద చేతిరాతతో రాయి. మా అక్క ఈ ఊళ్ళోనే ఉంది, వాళ్ళింట్లోనే ఉంటాను, ఇల్లు వెతుక్కోనక్కర్లేదు అని ఉత్తరంలో తప్పకుండా పెట్టు. ఊరి మనిషంటే వాళ్ళకీ భరోసా.

ఆ కంపెనీ ఎలా ఉందో చూసొచ్చాను. లిఫ్టులవాళ్ళు కదా, పది అంతస్తులైనా ఉంటుందనుకున్నాను. ఒక్కటే అంతస్తు. లోపల లిఫ్టు లేదు. గేటు దగ్గర మనిషిని "మరి మీ లిఫ్టులు ఎక్కడ పరీక్షిస్తారు?" అని అడిగితే, "కంప్యూటర్లోనమ్మా" అన్నాడు. సరే, మనకెందుకు.

పై వాటాలో గోడలు కడిగించాను. మెట్లకి పట్టుకునే కమ్మీ వేయించాను. నీకూ యాభై ఎనిమిది వస్తున్నాయి.

డొలోరెస్


ఫీనిక్స్
17 ఫిబ్రవరి 2019

అక్కా,

గోధుమ రంగు కవరే. చేతిరాతే. అందినట్టు సంతకం తిరిగొచ్చి వారమయింది. నువ్వు చెప్పినట్టే రాశాను, "మా అక్క డొలోరెస్ పార్మాలోనే ఉంటుంది, ఆమె ఇంటి పై వాటాలో ఉండటం నాకెంతో ఇష్టం" అని.

ఒక విచిత్రం జరిగింది. జునాలికి థాంక్స్ చెప్తూ ఈమెయిల్ పెట్టాను. "ప్రకటన చూశాను, సంగతి అర్థమయింది" అని. మూడు రోజుల తర్వాత ఒక్క లైను జవాబు: "సార్, ఈ విషయం మీతో నేను మాట్లాడకూడదు. క్షమించండి." అంతే. చూడగానే మనసు చివుక్కుమంది. ఇదేమిటి, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పినట్టు?

రెండు రోజులు కూడి, తీసేసి, భాగించి, చివరికి తేల్చాను. నన్ను ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో తనూ ఒకతె అయి ఉంటుంది! అందుకే ముందుగా మాట్లాడకూడదు. నియమం అంటే ప్రాణం పెడుతుంది ఆ పిల్ల. ఎవరూ లేని గదిలో కూడా "మే ఐ కమిన్" అని అడిగి వచ్చే రకం.

మా కొట్లో ఇవాళ ఒకాయన తెల్ల పెయింటు తీసుకుని వెనక్కి తెచ్చిచ్చాడు, మరీ తెల్లగా ఉందిట.

రీజిస్


పార్మా
11 మార్చి 2019

రీజిస్,

నీ జునాలిని చూశాను. నాకు ఒళ్ళు మండిపోతోంది, అందుకని వంకర అక్షరాలు పడితే సర్దుకో.

శుక్రవారం మా చర్చిలో చేపల భోజనం. వడ్డన నాది. లేక్‌మాంట్ బ్యాడ్జీలు తగిలించుకున్న నలుగురు వచ్చారు, వాళ్ళలో ఒక సన్నపాటి పిల్ల. బ్యాడ్జీ మీద చదివాను, జునాలి బరువా. నాకు సంతోషం ఆగలేదు. "నువ్వేనా అమ్మాయ్! నేను రీజిస్ హుడాక్ అక్కని!" అని ప్లేట్లో రెండు ముక్కలు ఎక్కువ వేశాను. మొహం విప్పారింది, నీ గురించి గడగడా అడిగింది. "మరి త్వరలో నీ పక్కకే వస్తున్నాడుగా, మీ కంపెనీకి దరఖాస్తు పెట్టాడుగా" అన్నాను.

అంతే. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. "సార్ నిజంగానే పంపించారా? పోస్టులో?" అని అడిగింది. "రిజిస్టర్డ్ పోస్టులో" అన్నాను. కుర్చీలో చతికిలబడిపోయింది. చేప ముట్టుకోలేదు. క్షమించండి అని లేచి, ప్లేటు అలాగే వదిలేసి పోయింది.

ఇప్పుడైనా కళ్ళు తెరు. నువ్వొస్తే తనని ఎవరూ లెక్కచెయ్యరని భయం. అప్పుడు నీ కుర్చీ తీసుకుంది, ఇప్పుడు నువ్వు గుమ్మంలోకి రాకుండా అడ్డుపడాలని చూస్తోంది. నేర్పినవాడివి నువ్వు, ఏడ్చేదాన్ని నేను. సైగట, సైగ!

డొలోరెస్


ఫీనిక్స్
19 మార్చి 2019

అక్కా! పిలుపొచ్చింది!

లేక్‌మాంట్ నుంచి మిస్ ట్రెంట్ అని, ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆవిడ. నలభై నిమిషాలు మాట్లాడింది. జునాలి లేదు, లాయర్ల సలహా మీద ఇంటర్వ్యూ తానొక్కతే చేస్తున్నానంది. ఉద్యోగానికి లాయర్లెందుకో నాకర్థం కాలేదు, ఒహాయోలో అలా ఉంటుందేమో.

ఆవిడ అడిగే తీరే వేరు. నాకేం వచ్చో అడగదు. ఏది రాదో వెతుకుతుంది. "ఫలానా భాష రాదు కదూ?" వచ్చండి. "అయ్యో. ఫలానా బ్రేకు మీద పని చేసి ఉండరు." పన్నెండేళ్ళు చేశానండి. "అలాగా." ఒక్కో జవాబుకీ గొంతు నీరసపడిపోతోంది. చివరికి, "హలూష్కీ పద్ధతిలో ఎన్నేళ్ళ అనుభవం?" అంది.

"ఆ పేరు పెట్టింది నేనేనండి."

"అది కాదండీ, ఏళ్ళు చెప్పండి."

"పంతొమ్మిది."

"సర్టిఫికెట్ ఏమైనా ఉందా?"

"మా అమ్మ చనిపోయిందండీ, ఉంటే ఇప్పించేవాణ్ణి."

ఆవిడ నవ్వలేదు. కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత, డాక్టరు పేషెంటు తాలూకు వాళ్ళని పక్కకి పిలిచి చెప్పినట్టు, "మిస్టర్ హుడాక్, మీరు అన్నిటికీ సరిపోతున్నారు" అంది. ఈ మాట కోసం పద్నాలుగు నెలలు, కాదు పదహారు, ఎదురుచూశానక్కా. ఫోన్ పెట్టేశాక కారులో కూర్చుని ఏడ్చాను.

నెలాఖరుకి మానేస్తానని కొట్లో చెప్పేశాను. జునాలి మీద కోపం పెట్టుకోకు. చేప ఆ పిల్లకి పడదేమో.

నీ ఇంజనీరు తమ్ముడు


పార్మా
27 మార్చి 2019

తమ్ముడూ,

కూర్చుని చదువు. నిలబడి చదవకు.

ఆదివారం మధ్యాహ్నం తలుపు కొడితే తీశాను. జునాలి. చేతిలో డబ్బా, అందులో వాళ్ళ అస్సాం పిఠాలట, నువ్వులూ బెల్లమూ పెట్టి చుట్టినవి. చేపల ప్లేటు వదిలేసి పోయినందుకు క్షమాపణ చెప్పడానికి వచ్చింది. నాలుగు మాటలతో కడిగేద్దామనుకున్నాను. కానీ ఆ పిల్ల కళ్ళు వాచిపోయి ఉన్నాయి. కూర్చోబెట్టాను. చెవి మిషను పెట్టుకుని మూడుసార్లు చెప్పించుకున్నాను. నాకు అర్థమయింది ఇది.

ఆ ప్రకటన నీకోసం కాదు. ఎవరికోసమూ కాదు. అక్కడ ఉద్యోగం ఖాళీ లేనే లేదు. ఆ ఉద్యోగంలో ఉన్నది జునాలి. తనకి గ్రీన్ కార్డు పెట్టాలంటే కంపెనీ ముందు "ఈ పనికి ఇక్కడివాళ్ళు దొరుకుతారేమో వెతికాం, దొరకలేదు" అని ప్రభుత్వానికి చూపించాలట. అందుకని రెండు ఆదివారాలు పేపర్లో వేస్తారు. ఎవరూ చూడకూడదనే అంత చిన్న అక్షరాలు. ఎవరూ పంపకూడదనే పోస్టు. పోస్టంటే మర్యాదనుకున్నాను నేను! ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసినదాన్ని, పోస్టులో పంపమంటే పంపొద్దని అర్థమట రీజిస్. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

హలూష్కీ ఎలా వచ్చిందంటే, లాయరు ఆ పిల్ల రెజ్యూమెలో ఉన్నవన్నీ వరసగా ఎక్కించేశాడు, ఇన్ని తెలిసినవాడు ఇంకొకడు ఉండడని. నీ దగ్గర నేర్చుకున్నానన్న గర్వంతో ఆ పిల్ల ఆ మాట రాసుకుంది.

ఇప్పుడు నువ్వు దొరికావు. పనికొస్తావు, వస్తానంటున్నావు. దాంతో తన కాగితం ఆగిపోతుంది. పోనీ నీకు ఉద్యోగమిస్తారా? ఇవ్వనక్కర్లేదట! ఇవ్వాలని చట్టంలో లేదట. "మరి ఎవరికి లాభం?" అని అడిగితే తలొంచుకుంది. మే నెలాఖరులోపు ఆ కాగితం వెళ్ళకపోతే, ఆరేళ్ళ వీసా తీరగానే పెట్టె సర్దుకోవాలి.

తను నన్ను ఏమీ అడగలేదు. అడిగితే తప్పట, తెలిస్తే ఫైలే పోతుందట. అడుగుతున్నది నేను. ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తుంది, "ఈ ఊరు వచ్చి చేరడం ఇష్టమేనా" అని. ఇష్టం లేదని చెప్పు.

జనవరిలో నేనేం రాశానో నాకు గుర్తుంది. నువ్వు గుర్తుచెయ్యకు.

అక్క


ఫీనిక్స్
3 ఏప్రిల్ 2019

డొలోరెస్,

చెప్పను.

నన్ను పంపించేసేటప్పుడు పాత కంపెనీ ఏమందో తెలుసా? "సహకరించండి" అంది. మూడు నెలలు సహకరించాను. నా పని ముక్కలు ముక్కలు చేసి, తెలిసినదంతా వాళ్ళ చేతుల్లో పెట్టి, కేకు కోసి బయటికొచ్చాను. ఇప్పుడు మళ్ళీ సహకరించాలా? ఉద్యోగం లేనివాడు ఉద్యోగం వద్దని కూడా చెప్పాలా?

నాకు పని ఇష్టం లేదని ఎలా చెప్పను? నా దగ్గర మిగిలిన నిజం అదొక్కటే. పదహారు నెలల్లో మొట్టమొదటిసారి ఒక మనిషి నా కాగితాలు చదివి సరిపోతావంది. ఏడుపు గొంతుతో అంది. ఎందుకేడ్చిందో ఇప్పుడు తెలిసింది. నేనో ఇంజనీర్ని కాదు వాళ్ళకి, పంటికింద రాయిని. పేపర్లో వేసి మరీ నన్ను వెక్కిరించారు, అమ్మ వండిన కూర పేరు పెట్టి.

నువ్వు మాత్రం! జనవరిలో వీసాల వాళ్ళని పేరుపేరునా తిట్టిపోసింది నువ్వు. నాలుగు పిఠాలు తినగానే ప్లేటు ఫిరాయించావు. నేనే వెర్రివాణ్ణి, వాళ్ళ తప్పేం లేదని ఊరంతా వాదించాను. టీవీలో అరిచేవాళ్ళు కొంపదీసి కొంత నిజమే చెప్తున్నారేమో. ఆ పిల్ల తప్పు లేదు, నాకు తెలుసు. ఇందులో ఎవరి తప్పూ లేదు. పోయేది మాత్రం ప్రతిసారీ నాదే.

కొట్లో మానేస్తానని చెప్పేశాను, అదీ పోయింది. ఆవిడ ఫోన్ చేస్తే నిజమే చెప్తాను. ఇష్టమే అంటాను.

రీజిస్


పార్మా
10 ఏప్రిల్ 2019

రీజిస్,

నువ్వు రాసిందంతా నిజం. ఒక్క ముక్క కాదనను. పిఠాల మాటతో సహా.

నాకు అరవై తొమ్మిది. ఈ ఇంట్లో మాట్లాడటానికి రేడియో ఉంది, అది నా మాట వినదు, నాకు దాని మాట వినబడదు. జనవరి నుంచి ప్రతి రోజూ నువ్వు పైన నడుస్తున్నట్టు ఊహించుకుంటున్నాను. నువ్వు రావాలని నాకెంత ఉందో నీకు తెలియదు. నేను అడిగినదానివల్ల పోయేది నీకొక్కడికే కాదు, నాకు కూడా.

కానీ ఇష్టమే అంటే నీకు ఏమొస్తుంది? ఉద్యోగం రాదు. ఆ పిల్ల వెళ్ళిపోతుంది. నువ్వు నేర్పింది నేర్చుకున్న ఒక్క మనిషీ పోతుంది. ఇష్టమే అన్న మాట ఒక్కటే ఫైల్లో ఉంటుంది.

నీ ఇష్టం. ఏం చెప్పినా నేను నీ అక్కనే. కోపం వస్తే తిట్టు, కానీ ఉత్తరం మానకు.

డొలోరెస్


ఫీనిక్స్
24 ఏప్రిల్ 2019

అక్కా,

నిన్న మిస్ ట్రెంట్ ఫోన్ చేసింది. "పార్మా వచ్చి చేరడం మీకు సమ్మతమేనా?"

కాదన్నాను.

ఆవిడ ఊపిరి పీల్చుకోవడం ఫోన్లో వినబడింది. వెంటనే మళ్ళీ అనుమానం. "కారణం రాయాలండీ. జీతమా?" జీతం కాదు. "పనా?" ఆ మాట నా నోట రాదు. "మరి ఊరా? ఊరైతే ఎలా, మీ అక్కగారు ఇక్కడే ఉన్నారనీ, వాళ్ళింట్లో ఉండటం ఎంతో ఇష్టమనీ మీరే రాశారు కదా!"

నువ్వు రాయించిన వాక్యమే అది. "అందుకేనండీ" అన్నాను.

"అంటే?"

"మా అక్క ఉన్న ఊళ్ళో నేను ఉండలేను. నా వల్ల కాదు. అప్పుడేదో ఆవేశంలో రాశాను."

ఆవిడ గొంతు ఒక్కసారిగా విచ్చుకుంది. "అర్థమయిందండీ! నాకూ ఒక అక్క ఉంది!" అంది. టకటకా టైపు చేసిన చప్పుడు. ఆ రెండు ఫోన్లలో ఆవిడ సంతోషంగా మాట్లాడింది అప్పుడే.

కొట్లో పెయింట్ల దగ్గర వేరే మనిషిని పెట్టేశారు. నన్ను తోట సామాన్ల వైపు తీసుకున్నారు. ఎరువు బస్తాలు. పెయింటే నయం, వాసన తక్కువ.

నాకు బాధగా ఉందక్కా. ఉద్యోగం గురించి కాదు, నిన్నన్న మాట గురించి.

రీజిస్


పార్మా
16 సెప్టెంబర్ 2019

రీజిస్,

ఆ మాట గురించి నువ్వు బాధపడక్కర్లేదు, నేను చాలినంత పడ్డాను. ప్రభుత్వానికి వెళ్ళిన కాగితంలో "అభ్యర్థి తన సోదరి నివసించు పట్టణములో నివసింపజాలడు" అని అచ్చుగుద్ది ఉందట. నేను వాషింగ్టన్ దాకా పాకాను. లేక్‌మాంట్ బ్యాడ్జీతో మిస్ ట్రెంట్ మొన్న కొట్లో కనబడి, నేను పేరు చెప్పుకోగానే పక్క వరసలోకి తప్పుకుంది.

కాగితం మంజూరైంది. శనివారం జునాలిని భోజనానికి పిలిచాను. బేకరీలో కేకు చేయించాను, మీద "ఇక నువ్వు మా ఊరి పిల్లవి" అని రాయించి. అది చూసి ఆ పిల్ల ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని "ఏదీ, కార్డు చూపించు" అన్నాను.

కార్డు రాలేదట. వచ్చింది వరసలో నిలబడటానికి అనుమతట. వాళ్ళ దేశంలో పుట్టినవాళ్ళ వరస చాలా పొడుగట. ఎన్నాళ్ళు అంటే, "తెలియదండీ, కొందరు ఇరవై ఏళ్ళంటారు, కొందరు యాభై అంటారు" అంది. చెవి మిషను గిల్లి చూసుకుని మళ్ళీ అడిగాను. అదే చెప్పింది. కేకు తిన్నాం, ఏం చేస్తాం.

సరే, ఉద్యోగం లేకపోతే పోయింది, మావాణ్ణి ఊరికే వచ్చి నా దగ్గర ఉండమంటాను అన్నాను. ఆ పిల్ల ఫోర్కు కింద పెట్టేసింది. తనకి చెప్పడం ఇష్టం లేదు, నేనే బలవంతాన చెప్పించాను. కంపెనీ లాయరు అన్నాడట, ఫైలు తేలేదాకా ఆయన ఈ ఊళ్ళో కాపురం పెట్టకపోతే మంచిదని. ఉండలేనన్న మనిషి వచ్చి ఉంటే, రేపెవరైనా ఫైలు తిరగేస్తే ఆ మాట అబద్ధమని తేలుతుందట.

"ఫైలు ఎప్పుడు తేలుతుంది?" అన్నాను. ఇరవయ్యో యాభయ్యో, ఇందాకే చెప్పిందిగా. నాకు వచ్చే నెల డెబ్భై.

ఆ పిల్ల, "సార్‌ని రమ్మనండి, ఏమైతే అదవుతుంది" అంది. నోరుమూసుకుని కేకు తినమన్నాను.

అందుకని ఇలా నిర్ణయించాను. నువ్వు రావద్దు. నేనే వస్తున్నాను, వచ్చే గురువారం బస్సుకి. నీ ఇంట్లో ఆ హాల్లో సోఫా చాలు నాకు, ఎన్నాళ్ళుంటానో అడక్కు. రావడానికి నాకేమైనా కాగితాలు కావాలేమో కనుక్కుని వెంటనే రాయి.

అక్క